కారు స్టీరింగ్ వణుకుతోందా? టైర్లు మార్చే ముందు ఇలా వెతకండి

పోయిన వానాకాలం నాట్లప్పుడు మిర్యాలగూడ దగ్గర మా పొలానికి కారులో పోయి వచ్చాక స్టీరింగ్ వణకడం మొదలైంది. గంటకు 70 కిలోమీటర్ల స్పీడు దాకా ఏమీ లేదు, నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి 85 అందుకోగానే చేతుల్లో గజగజ. టైర్ల దుకాణంలో బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా రిమ్ముకు చిన్న సీసం ముక్కలు కొట్టడం) చేయించాను, రెండు రోజులు బాగానే ఉండి మళ్లీ అదే వణుకు. ఇంకో దుకాణంలో చూపిస్తే ముందు టైర్లు రెండూ మార్చాల్సిందే అన్నారు, అవేమో కొని ఏడాదే అయింది. ఇంటికొచ్చి చక్రం విప్పి చూస్తే రిమ్ము లోపలి వైపు రేగడి మట్టి అరచేయంత వెడల్పున అట్టకట్టి ఉంది, దాని పక్కనే ఒక పెచ్చు ఊడిపోయిన జాగా తేటగా కనిపిస్తోంది. మట్టి ఉండగానే దాని బరువుకు తగ్గట్టు సీసం ముక్కలు కొట్టారు, తర్వాత పెచ్చు ఊడింది, ముక్కలు మాత్రం మిగిలాయి, లెక్క తప్పింది. చెక్కముక్కతో గీకి, కడిగి, మళ్లీ బ్యాలెన్సింగ్ చేయిస్తే వణుకు పోయింది. అందుకే ఖర్చు లేని పనులన్నీ అయ్యాకే ఖర్చున్న పనికి పొమ్మంటున్నాను.

మొదటి పని: వణుకు ఎప్పుడొస్తుందో పట్టుకోండి

చిట్యాల, నకిరేకల్ మధ్య గానీ, పాలమూరు వైపు వాళ్లయితే జడ్చర్ల దాటాక గానీ, తిన్నటి రోడ్డు మీద పొద్దున్నే రద్దీ లేనప్పుడు ఒకసారి నడిపి చూడండి. పక్కన ఇంకొకరు కూర్చుని స్పీడు రాసుకుంటే మంచిది, ఎందుకంటే నడిపేవాళ్ల చూపు రోడ్డు మీదే ఉండాలి. 80 నుంచి 110 మధ్యే వణికి, అటూ ఇటూ తగ్గిపోతే ఎక్కువసార్లు అది బ్యాలెన్సింగే. 30, 40లోనే బండి ఊగుతున్నట్టుంటే టైరు ఉబ్బడమో, రిమ్ము వంకరపోవడమో. బ్రేకు తొక్కినప్పుడే వణికితే బ్రేకు డిస్కులు. యాక్సిలరేటర్ తొక్కితే వణికి, కాలు తీస్తే ఆగిపోతే ఇంజిన్ బలాన్ని చక్రానికి చేర్చే యాక్సిల్ జాయింటు. ఇంకోటి, వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనుక చక్రాలు అనుకోవచ్చు. బండి ఆగి ఉన్నప్పుడు కూడా వణుకుతుంటే చక్రాలను వదిలేసి ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు చూపించండి.

ఇంటి దగ్గర చేసుకునేవి

బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే అక్కడి స్టిక్కరు మీదే ఉంటుంది. తర్వాత టైరు రెండు వైపుల గోడలనూ చేత్తో తడమండి, ఎక్కడైనా నిమ్మకాయంత ఉబ్బు తగిలిందంటే లోపలి దారాలు తెగిపోయినట్టే, దానికి రిపేరు లేదు. 44, 45 డిగ్రీల ఎండలో అలాంటి టైరుతో హైవే ఎక్కడం ప్రాణాలతో ఆట, వెంటనే స్టెప్నీ వేసుకోండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఊళ్లో పెద్దగా తిప్పని బండ్లకు టైరు మీది గీతల అచ్చు అరగకుండా నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదైపోతుంది, ఆ అంకెలు కూడా చూడండి.

ఇక చక్రం విప్పడం. చదునైన గట్టి నేల మీద హ్యాండ్‌బ్రేకు గుంజి, వెనుక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తండి. వదులు చేసేటప్పుడే ఏ నట్టయినా చేత్తో తిరిగిపోతే మీ వణుకుకు కారణం అదే కావచ్చు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి మాత్రం దూరొద్దు.

విప్పే ముందు రెండు పరీక్షలున్నాయి, నట్లు వదులుగా ఉంటే చక్రం ఊరికే కదులుతుంది కాబట్టి వాటిని మళ్లీ బిగించి చేయండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతుందంటే బేరింగో, చక్రాన్ని బండికి పట్టి ఉంచే బాల్ జాయింటో, కుడీ ఎడమా పట్టుకుని ఊపితే టకటకమంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ అరిగి ఉంటుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, రిమ్ము అంచుకు దగ్గరగా ఇటుక మీద ఒక పుల్ల నిలబెట్టి చక్రం తిప్పండి. పుల్లకూ అంచుకూ మధ్య సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గుతుంటే రిమ్ము వంకర. గుంతలో గట్టిగా పడ్డాక వణుకు మొదలైందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చక్రం తీశాక రిమ్ము లోపల బురద అంతా గీకి కడగండి. కేజ్ వీల్స్ (దమ్ముకు వేసే ఇనుప చక్రాలు) వేసుకున్న ట్రాక్టర్లు మడిలోంచి తెచ్చి రోడ్డంతా పరిచే మట్టి ఇక్కడికే చేరుతుంది, ఎండితే సిమెంటు లెక్క పట్టేస్తుంది. చక్రం కూర్చునే హబ్బు మీద తుప్పునూ తీగ బ్రష్షుతో రుద్దేయండి, ఆ కొంచెం తుప్పుకే చక్రం సరిగ్గా కూర్చోదు. బిగించేటప్పుడు ఒక నట్టు, దాని ఎదుటిది, అలా నక్షత్రం గీసినట్టు బిగించాలి. ఆఖరి బిగింపు బండిని కిందికి దించాకే, మళ్లీ ఓ 50 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి చూసుకోండి.

దుకాణంలో ఏం అడగాలి

ఇంత చేసినా వణుకు ఉంటే అప్పుడు బ్యాలెన్సింగ్. "అన్నా, పాత ముక్కలన్నీ తీసేసి మొదటి నుంచి చెయ్, వేశాక ఇంకోసారి తిప్పి చూపించు" అనండి. రెండోసారి తిప్పినప్పుడు మెషిన్ మీద రెండు వైపులా సున్నా రావాలి. ఒక్క వైపే 80, 100 గ్రాములు అడుగుతోందంటే సీసం ముక్కలు వరుసగా అంటిస్తూ పోనివ్వకండి, టైరులోనో రిమ్ములోనో తప్పుంది. ముందు చక్రాలను వెనక్కీ, వెనుకవి ముందుకీ మార్పించి చూడండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటులోకి పోతే దోషం చక్రాలదే, స్టీరింగ్‌లోనే ఉండిపోతే డిస్కులు, జాయింట్లు, హబ్బు చూపించాలి. టైర్లు కొనే ముందు ఈ పని చేయకపోతే నేను ఒప్పుకోను. వణుకు అనగానే అలైన్‌మెంట్ (చక్రాల వాలు, దిక్కు సరిచేయడం) చేద్దాం అంటారు గానీ అది బండి ఒక పక్కకు గుంజుతున్నప్పుడు, టైరు ఒక అంచే అరుగుతున్నప్పుడు చేయించేది, వణుకును అది మామూలుగా తీయదు. బయట కొన్న అల్లాయ్ రిమ్ములయితే మధ్య రంధ్రం హబ్బుకు సరిగ్గా పడుతోందా చూడమనండి, వదులుంటే నడుమ రింగు వేయించాలి.

బ్రేకు వణుకు, యాక్సిల్ వణుకు

డిస్కు అంతా ఒకే మందంగా లేకపోతే బ్రేకు తొక్కిన ప్రతిసారీ పెడల్ కూడా కాలిని తంతున్నట్టుంటుంది. డిస్కు ఎంత మందం దాకా అరగవచ్చో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అంతకు పైన ఉంటే లేత్ పట్టించవచ్చు, తగ్గితే కొత్తవే, రెండు వైపులా ప్యాడ్లతో సహా. దోమలపెంట దగ్గర శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగొద్దు, తక్కువ గేరులో దిగండి, దిగాక వేడివేడి చక్రాల మీద చల్లటి నీళ్లు కొట్టొద్దు.

యాక్సిల్ జాయింటు సంగతి బయటి నుంచే తెలుస్తుంది. రబ్బరు బూటు చిరిగి, రిమ్ము లోపలంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంటుంది. తొందరగా చూస్తే బూటూ గ్రీజూ మార్చి బయటపడొచ్చు, లోపలికి దుమ్ము పోయి నలిగాక జాయింటే మార్చాలి.

చేతితో ఊపినప్పుడు బాల్ జాయింట్ కదిలినట్టు తెలిసిందంటే మాత్రం అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. ఆ బండిని మెల్లగానైనా నల్లగొండ దాకా నడిపించుకుంటూ పోకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.