వరి ఆకు కొసలు మాడుతున్నాయా? స్ప్రే కొట్టే ముందు చౌడు సంగతి చూడండి

నాట్లు వేసి పది రోజులైంది. గట్టు మీద నిలబడి చూస్తే మడిలో అక్కడక్కడా చాపలు పరిచినట్టు పాలిపోయిన మచ్చలు. చుట్టూ పైరు మూన తిరిగి పచ్చగా ఉంది. మచ్చల్లో మాత్రం ముదురాకుల కొసలు మాడి, ఆకులు చుట్టుకుపోయాయి. దివిసీమలోనూ, బాపట్ల తీరంలోనూ చివరి ఆయకట్టు రైతులకు ఇది తెలిసిన బాధే. కాలవ నీళ్లు ఆలస్యమై మడి ఆరితే చౌడు పైకి తేలుతుంది.

ఆ టెన్షన్‌లో మందుల షాపుకు పరుగెడతాం. ఒక ఏడు మా ఇంట్లోనూ అదే జరిగింది. సీసా మీద టానిక్ అని పెద్ద అక్షరాలు ఉన్నాయి, లోపల ఏముందో మాత్రం లేదు. మూడుసార్లు కొట్టాం, మచ్చలు కదల్లేదు. మురుగు బోదె పూడిపోయి ఉప్పు నీరు మళ్లలోనే నిలిచిందని కోతల తర్వాత గానీ గమనించలేదు. అందుకే ఈ రాత.

మొదటి పని: అది ఏ చౌడు?

మచ్చలో నుంచి గుప్పెడు మట్టి తీసి ఆరబెట్టి, గాజు గ్లాసులో వాన నీళ్లు పోసి కలిపి వదిలేయండి. కొన్ని గంటల్లో మట్టి అడుక్కి దిగి పైన నీరు తేటబడితే పాల చౌడు (కరిగే ఉప్పు ఎక్కువైన నేల) అయ్యుండొచ్చు. మర్నాటికి కూడా టీ నీళ్లలా మురికిగానే ఉంటే కారు చౌడు (సోడియం పట్టిన నేల) అని అనుమానించాలి. సోడియం మట్టి రేణువులను విడదీసేస్తుంది, అందుకే అవి దిగవు. ఇది అంచనాకే. భూసార పరీక్షలో ఇ.సి. (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 దాటితే పాల చౌడు, పీహెచ్ (క్షార గుణం కొలత) 8.5 దాటితే కారు చౌడు. రెండూ దాటిన పొలాలూ ఉంటాయి.

పాల చౌడుకు జిప్సం వేసి డబ్బు పోగొట్టుకోవద్దు. దానికి మందు మంచి నీరే. దమ్ములో నీరు నిండా పెట్టి, ఒకటి రెండు రోజులు నిలిపి, మురుగు కాలవలోకి తీసేయాలి. వీలైతే మళ్లీ అలాగే చేయాలి. పైరు ఉన్నప్పుడు మడిని ఆరనివ్వకూడదు. కారు చౌడుకైతే పరీక్షలో చెప్పిన మోతాదులో జిప్సం వేసి, నీరు నిలిపి తీసేశాక జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నాలి.

ముదురాకుల కొసలు మాడుతుంటే

వేరు దగ్గర సోడియం పెరిగితే మొక్కకు పొటాష్ సరిగా అందదు. రెండూ ఒకే దారిలో లోపలికి వెళ్లాలని పోటీ పడతాయి. మొక్క తనలో చేరిన ఉప్పును ముదురాకుల్లోకి తోసి లేతాకులను కాపాడుకుంటుంది. అందుకే కొస ముందు మాడుతుంది. నీరు మార్చాక పొటాషియం నైట్రేట్ (13-0-45) లీటరుకు 10 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక ఆకులు తడిసేలా కొట్టండి. పాల చౌడులో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కుమ్మరించకండి, అందులో క్లోరైడ్ ఉంటుంది.

తుప్పు మచ్చలు వస్తే

నాటిన 2 నుంచి 4 వారాల్లో ముదురాకుల మధ్య ఈనెకు ఇరువైపులా ఇటుక రంగు మచ్చలు కనిపిస్తే అది జింక్ లోపం. పీహెచ్ ఎక్కువైన నేలలో జింక్ ఉన్నా మొక్కకు అందదు. జింక్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు, 5 రోజుల తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయాలి. పురుగుమందులతో కలపొద్దు. నేలలో వేసేటప్పుడు భాస్వరం ఎరువుకీ దీనికీ కనీసం 3 రోజుల ఎడం ఉండాలి.

ఆకు పచ్చగానే ఉంది, ఎదుగుదల లేదు

హార్మోన్ల సంగతి ఇక్కడే వస్తుంది. ఉప్పు తగలగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరిగి ఆకు రంధ్రాలు మూసుకుంటాయి. నీరు నిలుస్తుంది గానీ ఆకులోకి గాలి సరిగా వెళ్లదు, ఆహార తయారీ తగ్గుతుంది. పిలకలు వేయించే హార్మోన్లూ తగ్గుతాయి. మొక్క చావలేదు, ఊపిరి బిగబట్టింది. అది చూసి యూరియా ఎక్కువ వేయడం తప్పు.

ఇలాంటప్పుడు సాలిసిలిక్ ఆమ్లం కొద్ది మోతాదులో మొక్క రక్షణ వ్యవస్థను మేల్కొలుపుతుంది. 10 లీటర్ల ట్యాంకుకు 1 గ్రాము చాలు. ఇది చల్లటి నీళ్లలో తొందరగా కరగదు. తెల్లటి పొడి పైన తేలుతుంది, అలాగే పోస్తే నాజిల్ మూసుకుపోతుంది. ముందు పావు లీటరు బాగా వేడి నీళ్లలో పూర్తిగా కరిగించి ట్యాంకులో పోయండి. కళ్లలో పడకుండా చూసుకోండి. మోతాదు పెంచితే మేలు పోయి ఆకు కాలుతుంది. పొడవు పెంచే హార్మోన్ జిబ్బరెల్లిక్ ఆమ్లం జోలికి నేనైతే వెళ్లను. మొక్క సాగి పొడవవుతుంది, తర్వాత పడిపోతుంది.

కొట్టేటప్పుడు ప్రతి మచ్చలోనూ రెండు బారల మేర వదిలి, నాలుగు పుల్లలు పాతండి. పది రోజులకు పుల్లల లోపలా బయటా కొత్తాకులు పోల్చి చూడండి. తేడా లేకపోతే రెండో స్ప్రే కొనకుండా, పార తీసుకుని బోదె దగ్గరకు వెళ్లండి.

వెన్నులో తాలు ఎక్కువైతే

పూత దశలో ఉప్పు తగిలి ఉండొచ్చు. ఆ పంటకు ఏ స్ప్రేతోనూ గింజ తిరిగి రాదు. వచ్చే ఏడు మచిలీపట్నం రకం ఎం.సి.ఎం. 100 గానీ, కర్నాల్ చౌడు నేలల పరిశోధన సంస్థ రకం సి.ఎస్.ఆర్. 36 గానీ వేయండి. ముదురు నారు, కుదురుకు ఒకటి రెండు మొక్కలు ఎక్కువగా నాటండి.