ఆఫర్ లెటర్‌లో సెలవులు తగ్గాయా? "సరే" అనకముందే చూసుకోవాల్సినవి

సెలవుల గురించి అడగడానికి ఒకటే అదను: ఆఫర్ చేతికొచ్చి, మీరింకా ఒప్పుకోని ఆ నాలుగైదు రోజులు. చేరాక అడిగితే అది విన్నపమే. కింది చిక్కులు హైదరాబాద్ ప్రైవేటు కంపెనీల్లో తరచూ కనిపించేవి.

సమస్య: పాత చోట 24 సెలవులు, కొత్త చోట 18.

ముందు లెక్క సరిచూడండి. ఒక కంపెనీ ఈఎల్ (పనిచేసిన కొద్దీ జమయ్యే ఎర్న్‌డ్ లీవ్), సీఎల్ (చిన్నచిన్న అవసరాలకు వాడే క్యాజువల్ లీవ్), సిక్ లీవ్ కలిపి చెబుతుంది, ఇంకొకటి ఈఎల్ మాత్రమే చెబుతుంది. లీవ్ పాలసీ కాపీ అడిగి మూడింటినీ విడివిడిగా రాసుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి మరుసటి ఏడాది జీతంతో 15 రోజుల ఈఎల్, అవికాక ఏటా 12 సీఎల్, 12 సిక్ లీవ్ ఇవ్వాలని అందులో ఉంది. మీ సంస్థ ఆ చట్టం కిందికొచ్చి, సెలవులు అంతకన్నా తక్కువుంటే అక్కడ బేరం అక్కర్లేదు, హక్కుగానే అడగండి.

నిజంగానే 6 రోజులు తగ్గితే డబ్బులోకి మార్చండి. ఏడాదికి 12 లక్షల సీటీసీని (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చును) 260 పనిదినాలతో భాగిస్తే రోజుకు సుమారు 4,600. ఆరు రోజులకు 27,600 పైమాటే. జీతం మాట్లాడేటప్పుడు ఈ అంకె ముందుపెట్టండి.

సమస్య: "పాలసీ అందరికీ ఒకటే" అని హెచ్‌ఆర్ మాట తెంచేస్తారు.

చాలాచోట్ల వాళ్లు చెప్పేది నిజమే. సెలవుల సంఖ్య గ్రేడును బట్టి సాఫ్ట్‌వేర్‌లో బిగించి ఉంటుంది, మీతో మాట్లాడే రిక్రూటర్ దాన్ని మార్చలేరు. అందుకే సంఖ్య పెంచమని పట్టుబట్టడం కన్నా ఫలానా తేదీలకు ముందే అనుమతి అడగడం మేలు. అది మీ కాబోయే మేనేజర్ చేతిలో పని. ముందు ఆయనతో ఫోన్‌లో మాట్లాడి, తర్వాత హెచ్‌ఆర్‌ను కూడా కలిపి మెయిల్ పెట్టండి: "మా చెల్లెలి పెళ్లికి ఆగస్టు 17 నుంచి 21 వరకు 5 రోజులు సెలవు కావాలి. బ్యాలెన్స్ చాలకపోతే అడ్వాన్స్ లీవ్‌గా ఇచ్చి, జీతం కోత లేకుండా చూడగలరా? ఒప్పుకుంటే ఆఫర్ లెటర్‌లో చేర్చండి, లేదా ఈ మెయిల్‌కే జవాబివ్వండి." నోటిమాట మీద వదిలేయకండి. మేనేజర్ మారితే ఆ మాట అక్కడితో సరి.

సమస్య: 18 అన్నారు, ఖాతాలో నాలుగున్నరే ఉన్నాయి.

జనవరి-డిసెంబర్ లెక్క నడిచే కంపెనీలో అక్టోబర్ 1న చేరితే మిగిలింది మూడు నెలలు. నెలకు ఒకటిన్నర చొప్పున నాలుగున్నర రోజులే వస్తాయి. అవైనా ఏ నెలకానెల జమయ్యేవైతే చేరిన రోజున ఖాతా ఖాళీ. కొన్నిచోట్ల ప్రొబేషన్ ఆరు నెలలూ ఈఎల్ వాడనివ్వరు. అవి మిగిలినా, పాలసీలో క్యారీ ఫార్వర్డ్ (మరుసటి ఏడాదికి మోసుకెళ్లే వీలు) లేకపోతే డిసెంబర్ 31తో లాప్స్ అవుతాయి. భోగికి ఊళ్లో ఉండాలంటే ఈ మూడూ ముందే అడగాలి: ఎప్పుడు జమ, ఎప్పటినుంచి వాడకం, ఎన్ని మరుసటి ఏడాదికి వెళ్తాయి.

సమస్య: శుక్రవారం, సోమవారం పెడితే నాలుగు రోజులు కోశారు.

ఇది శాండ్‌విచ్ రూల్: రెండు సెలవుల మధ్య పడ్డ శని, ఆదివారాలనూ సెలవుగానే లెక్కిస్తారు. పాలసీలో ఆ మాట కోసం వెతకండి. ఉంటే సెలవులను వారం మధ్యలో పెట్టుకోండి.

సమస్య: పాత కంపెనీలో దాచుకున్న 20 ఈఎల్ ఏమవుతాయి?

కొత్త కంపెనీకి బదిలీ కావు. నోటీస్ పీరియడ్‌లో వాడదామంటే చాలా కంపెనీలు వాడినన్ని రోజులు రిలీవింగ్ తేదీని వాయిదా వేస్తాయి. దాంతో కొత్త చోట చేరే తేదీ కూడా తప్పుతుంది. కాబట్టి ఎన్‌క్యాష్‌మెంట్ (మిగిలిన సెలవులకు డబ్బిచ్చే) నిబంధన చదవండి. నెల బేసిక్ జీతం 60,000 ఉంటే, 30తో భాగించే కంపెనీలో రోజుకు 2,000, మొత్తం 40,000 వస్తుంది. 26తో భాగించేచోట 46,000 దాటుతుంది. ఉద్యోగం మానేటప్పుడు వచ్చే ఈ సొమ్ముకు, నిర్ణీత లెక్క ప్రకారం, జీవితకాలం మొత్తమ్మీద 25 లక్షల వరకు పన్ను మినహాయింపు ఉంది. ఉద్యోగంలో ఉండగా తీసుకుంటే మొత్తానికీ పన్ను పడుతుంది. రాజీనామా మెయిల్ పెట్టే ముందు పోర్టల్‌లో బ్యాలెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి సొంత మెయిల్‌కు పంపుకోండి. ఆఖరి రోజు లాగిన్ ఆగిపోయాక తేడా వస్తే చూపించడానికి అదొక్కటే ఉంటుంది.