మోకీలు మార్పిడి తర్వాత ఉన్నట్టుండి జబ్బు చేస్తే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

మోకీలు మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చిన మనిషికి ఏమొచ్చినా అందరి చూపూ ఆ కాలి మీదే ఉంటుంది. నీరసంగా ఉందంటే "ఆపరేషన్ అయింది కదా, అట్లే ఉంటుంది" అంటాం. ఆయాసమొస్తే "రెండడుగులు నడిచింది కదా" అంటాం. అన్నం సయించకపోయినా, రాత్రిపూట మాట తడబడినా అన్నీ మోకాలి ఖాతాలోనే వేస్తాం. ప్రాణం మీదికి తెచ్చేది ఈ అలవాటే. ఈ సమయంలో వచ్చే పెద్ద జబ్బులు కొన్ని మోకాలిలో ఏ నొప్పీ లేకుండానే మొదలవుతాయి. అందుకే కాలితో పాటు మనిషినీ చూసుకోవాలి.

డిశ్చార్జి అయిన రోజే

మంచం పక్కన ఒక నోటు పుస్తకం, థర్మామీటరు, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు, వీలైతే బీపీ మిషన్ పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు గ్లూకోమీటరు తప్పనిసరి. పొద్దున, సాయంత్రం జ్వరం, నాడి, ఆక్సిజన్ చూసి తేదీ వేసి రాయండి. మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లారో కూడా రాయండి. బాగున్న రోజుల లెక్క చేతిలో ఉంటేనే బాగాలేని రోజు తేడా తెలుస్తుంది.

మందుల చీటీలో రక్తం పలచబరిచే మందు ఏదో డాక్టరునే అడిగి గుర్తు పెట్టుకోండి. ఆస్పిరిన్, రివరోక్సాబాన్, అపిక్సాబాన్, పొట్ట మీద పొడిచే ఎనోక్సాపారిన్ ఇంజెక్షన్ లాంటివి రాస్తారు. కొందరికి రెండు వారాలు, కొందరికి 35 రోజుల దాకా ఉంటుంది. నొప్పి తగ్గిందని నొప్పి మాత్రలతో పాటు దీన్ని కూడా ఆపేసేవాళ్లున్నారు. అలా చేయకండి.

అర్ధరాత్రి అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో కూడా ముందే తేల్చుకోండి. మన చిత్తూరు, తిరుపతి వైపు చాలామంది వేలూరు, చెన్నై, బెంగళూరు పోయి ఆపరేషన్ చేయించుకుంటారు. ఊపిరాడని మనిషిని "చేసిన డాక్టరే చూడాలి" అని కారులో చెన్నై దాకా తీసుకుపోవడం తగదు. తిరుపతిలో అలిపిరి రోడ్డులోనే స్విమ్స్, రుయా పెద్దాసుపత్రులు ఉన్నాయి. చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. పలమనేరు, కుప్పం వైపు వాళ్లు రాత్రిపూట కూడా ఎమర్జెన్సీ, సీటీ స్కాన్ ఉండే చోటు దగ్గర్లో ఏదో పగలే కనుక్కుని పెట్టుకోవాలి.

ఏది మామూలు?

మొదటి రెండు మూడు రోజులు కొద్దిగా జ్వరం రావడం మామూలే. మోకాలి వాపు, వెచ్చదనం వారాలు, నెలలు కూడా ఉండొచ్చు. కమిలిన రంగు చీలమండ దాకా దిగొచ్చు. వీటికి టెన్షన్ పడొద్దు. తగ్గుతూ వచ్చిన నొప్పి, వాపు, జ్వరం మళ్లీ పెరిగితే మాత్రం ఆగి చూడాలి.

పిక్క నొప్పి, ఆయాసం

కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టడం ఈ ఆపరేషన్ తర్వాత డాక్టర్లు బాగా భయపడే విషయం. మొదటి వారాల్లో ముప్పు ఎక్కువ, మూడు నెలల దాకా ఎంతోకొంత ఉంటుంది. పిక్క గట్టిపడి నొక్కితే నొప్పి పుట్టడం, కాలు ఎత్తులో పెట్టుకుని పడుకున్నా పొద్దుటికి వాపు తగ్గకపోవడం దీని గుర్తులు. ఆపరేషన్ కాని కాలిలో కూడా రావొచ్చు. సిరల్లో రక్తం ఎలా పారుతుందో చూసే డాప్లర్ స్కాన్ ఆ రోజే తీయించాలి, మరుసటి సోమవారం దాకా ఆగొద్దు.

ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ఉన్నట్టుండి ఆయాసం వస్తుంది. గాలి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు ఉంటుంది, గుండె దడదడలాడుతుంది, కళ్లు తిరిగి పడిపోవచ్చు, దగ్గితే రక్తం పడొచ్చు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టకండి. కాలు నొప్పి ఏమీ లేకుండా నేరుగా ఆయాసంతోనే మొదలయ్యే వాళ్లూ ఉన్నారు.

పిక్క పట్టేసిందంటే మన ఇళ్లలో ముందు చేతికొచ్చేది నూనె గిన్నె. ఎముకలకు వేసే పుత్తూరు కట్టు మీద మన జిల్లాలో తరాల నమ్మకం ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ లోహపు కీలు పెట్టిన కాలికి కట్టు, తైలం, పిసకడం ఏదీ వద్దు. గడ్డ ఉన్న పిక్కను గట్టిగా పిండితే అది ఊడి పైకి పోయే ప్రమాదం ఉంది. చూడటానికి వచ్చిన పెద్దమ్మ ప్రేమగా కాలు పట్టుకుంటే, "వద్దు పెద్దమ్మా, డాక్టరు పిండొద్దన్నాడు" అని నిదానంగా చెప్పండి.

జ్వరం వస్తే

తొలి రోజులు దాటాక 100.4 డిగ్రీల (ఫారెన్‌హీట్) పైన జ్వరం, కుట్ల నుంచి చీము లేదా ఆగని తడి, ఎరుపు పాకుతూ పోవడం, కాలు కదిపితే ఓర్చుకోలేని నొప్పి ఉంటే ఆ రోజే సర్జన్‌కు చెప్పండి. గాయం ఫొటో తీసి పంపండి.

మన పల్లెల్లో ఇలాంటప్పుడు ఊళ్లో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఒక సూది, ఒక సెలైన్, నాలుగు యాంటీబయాటిక్ మాత్రలతో రెండు రోజులు జ్వరం తగ్గుతుంది. కానీ కీలు లోపల చీము ఉంటే అది అట్లే ఉంటుంది. పైగా తర్వాత కీలు నుంచి నీరు తీసి పరీక్షకు పంపినా యాంటీబయాటిక్ వల్ల క్రిమి దొరకకపోవచ్చు. అప్పుడు ఏ మందు వేయాలో డాక్టరుకు కూడా తేలదు. రక్తం పలచబరిచే మందు మీద ఉన్నవాళ్లకు పిరుదు మీద సూది వేస్తే లోపల రక్తం గూడుకట్టవచ్చు. డైక్లోఫెనాక్ లాంటివి తోడైతే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. మలం తారులా నల్లగా అయితే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మోకాలు బాగానే ఉండి జ్వరం మాత్రం దిగకపోతే వానాకాలంలో డెంగీ, చలికాలానికి ముందు స్క్రబ్ టైఫస్ గుర్తు చేసుకోవాలి. రెండూ మన దగ్గర ఉన్నవే. స్క్రబ్ టైఫస్‌లో పురుగు కుట్టిన చోట నల్లటి పొక్కు ఉండొచ్చు. చంకలో, గజ్జల్లో ఉంటే ఎవరూ చూడరు కాబట్టి వెతకండి. డెంగీలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. రక్తం పలచబరిచే మందు ఆపాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి, మీరు ఊహించి ఆపొద్దు.

మనిషి తేడాగా మాట్లాడితే

నిన్నటి దాకా బాగా మాట్లాడిన అవ్వ ఈరోజు ఎక్కడున్నానో తెలియనట్టు చూస్తోందంటే "వయసు మీద పడింది" అనుకోకండి. ముందు షుగర్ చూడండి. 70 కంటే తక్కువ ఉండి మింగగలిగితే చక్కెర నీళ్లు ఇచ్చి పావుగంటలో మళ్లీ చూడండి. షుగర్ సరిగ్గానే ఉండి చేతులు చల్లబడటం, ఊపిరి వేగంగా తీయడం, పొద్దున నుంచి మూత్రం రాకపోవడం, పై బీపీ 100 లోపు పడిపోవడం కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి ఉండొచ్చు. ఇక్కడ గంటలు ముఖ్యం. తెల్లారే దాకా ఆగకుండా 108 పిలవండి.

ఫోన్‌లో, ఎమర్జెన్సీలో ఇలా చెప్పండి

కంగారులో చాలామంది "అమ్మకు బాగాలేదు, తొందరగా రండి" అని మాత్రమే అంటారు. దానికి బదులు: "అమ్మకు 68 ఏళ్లు. కుడి మోకీలు మార్పిడి అయి పన్నెండు రోజులైంది. షుగర్ ఉంది. రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటోంది. గంట నుంచి ఆయాసం, ఆక్సిజన్ 90." ఇది వింటే అవతలివాళ్లకు ఏం సిద్ధం చేయాలో తెలుస్తుంది. డిశ్చార్జి కాగితాలు, మందుల కవర్లు, నోటు పుస్తకం, ఆధార్ వెంట తీసుకెళ్లండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వచ్చే (నెట్‌వర్క్) ఆసుపత్రి అయితే, దాని గురించి అక్కడ ఉండే పథకం సహాయకుడిని, అంటే ఆరోగ్యమిత్రను అడగండి. మందుల సంగతి తెలిసిన ఒక్కరే డాక్టరుతో మాట్లాడితే మేలు.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు మోకాలు

జ్వరం, ఊపిరి గొడవలో మోకాలి సంగతి అందరూ మరచిపోతారు. పది రోజులు కదలకుండా ఉంటే అది బిగుసుకుంటుంది. వార్డు డాక్టరును అడిగి, ఆయన సరేనంటే పడుకునే పాదాలు పైకీ కిందికీ ఆడించడం మొదలుపెట్టించండి. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టొద్దు, కాలు వంగిపోయి చాపడం కష్టమవుతుంది. ఎత్తు కావాలంటే మడమ కింద పెట్టండి. ఇంటికొచ్చాక జావ, సంగటితో సరిపెట్టకుండా పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. ఫిజియోథెరపీ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కాక, కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెట్టమని అడగండి. ఆపరేషన్ అయిన ఆరు వారాలకు కూడా మోకాలు 90 డిగ్రీలు వంగకపోతే సర్జన్‌ను కలవండి. ఆ దశలో మత్తిచ్చి కాలు వంచి బిగువు విడిపించవచ్చు, నెలలు గడిచేకొద్దీ అది కష్టమవుతుంది.