భవనాన్ని చదవడం – అయిదో పాఠం: గోడను కోసి చూడండి

ఈ పాఠంలో మెట్లు మొదలుపెట్టాలి. కానీ నాలుగో పాఠం అభ్యాసానికి మీరు పంపిన కాగితాలు చూశాక మెట్లను పక్కన పెట్టక తప్పలేదు. సెక్షన్ దగ్గరే, అంటే భవనాన్ని నిలువునా కోసినట్టు ఊహించి లోపలిని చూపే బొమ్మ దగ్గరే, ఇంకోసారి ఆగుదాం.

అడిగింది పెద్ద పనేమీ కాదు. తిరుపతిలోనో చిత్తూరులోనో ఎవరూ పట్టించుకోని ఆధునిక భవనం ఒకటి ఎంచుకుని, దాని సెక్షన్ గీసి, పది వాక్యాలు రాయమన్నాను. వచ్చిన కాగితాల్లో ఎక్కువ భాగం చంద్రగిరి రాజమహల్! కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపిన ఆ మహలు మీద నాకూ గౌరవమే. కానీ అది ఆధునికమూ కాదు, పట్టించుకోనిదీ కాదు. పురావస్తు శాఖ బోర్డు పెట్టి, టికెట్టు పెట్టి, లోపల మ్యూజియం నడుపుతోంది. పాతదల్లా మరుగున పడినదే అనుకుంటే ఈ పాఠాలు మీకు ఉపయోగపడవు.

మిగిలినవాళ్లు భవనం ఎదురుగా నిలబడి ఫోనులో తీసిన బొమ్మను చూసి గీశారు. అది ఎలివేషన్, బయటి ముఖం బొమ్మ. కింద ‘సెక్షన్’ అని రాసినంత మాత్రాన సెక్షన్ అయిపోదు. ఇక వాక్యాల సంగతి: ‘ఓడలాగా ఉంది’, ‘అగ్గిపెట్టెలాగా ఉంది’, ‘తెరిచిన పుస్తకంలాగా ఉంది’. ఈ పాఠాలు ముగిసేవరకూ ‘లాగా’ నిషేధం. పోలిక దొరికిన మరుక్షణం కన్ను చూడటం మానేస్తుంది. భవనం దేనిలా ఉందో నాకు అక్కర్లేదు, మే నెల సాయంత్రం నాలుగింటికి దాని గోడ ఏం చేస్తోందో చెప్పండి.

స్కేలు ఎంచుకోవడం, గోడ మందం చూపడం వంటివి మళ్లీ చెప్పను. 1:50 (అసలు కొలతలో యాభయ్యో వంతు), గళ్ల కాగితం, పెన్సిలు. ఫోనులో గీసే యాప్‌ల గురించి అడిగినవాళ్లకు జవాబు: వద్దు.

సెక్షన్ కోసం ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ముందుచూపుతో పుట్టిన భవనాల్లో చాలావాటి గొప్పతనం ముఖం మీద కనిపించదు. ఫ్రెంచ్ వాస్తుశిల్పి ఎతియెన్ లూయీ బూలే 1784లో న్యూటన్‌కు ఒక స్మారకం గీశాడు. సుమారు 150 మీటర్ల గోళం. కట్టలేదు, అప్పట్లో కట్టగలిగేదీ కాదు. ఎలివేషన్‌లో కనిపించేది నున్నటి గోళం, చుట్టూ చెట్ల వరుసలు, అంతే. సెక్షన్లు మాత్రం పగటికొకటి, రాత్రికొకటి గీశాడు. పగలు గోళం పైభాగంలోని రంధ్రాల గుండా వెలుగు చుక్కలు చుక్కలుగా దిగి లోపల నక్షత్రాల రాత్రిని చేస్తుంది. రాత్రిపూట మధ్యలో వేలాడే దీపం లోపలంతా పగలు చేస్తుంది. కోసి చూడకపోతే ఈ ఆలోచన మీకు చిక్కేదే కాదు.

ఇక మనకు దగ్గరిది. తిరుపతి నుంచి బస్సులో అయిదారు గంటలు వెళితే పుదుచ్చేరి. అక్కడ అరవిందాశ్రమం వారి వసతి గృహం ఒకటుంది, పేరు గోల్కొండ్. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం సంస్థానం నుంచి వచ్చిన విరాళమే ఆ పేరుకు కారణం. చెక్ దేశంలో పుట్టి టోక్యోలో స్థిరపడిన ఆంటొనిన్ రేమండ్ 1930ల్లో దాన్ని రూపొందించాడు. జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్ అక్కడే ఉండి పని నడిపించారు. 1940ల్లో పూర్తయింది. మన దేశంలో తొలినాటి ఆధునిక కాంక్రీటు భవనాల్లో ఒకటైనా, మన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో దాని పేరు విన్నవాళ్లు తక్కువ.

ఎదురు నుంచి ఫొటో తీస్తే బూడిదరంగు అడ్డగీతలు తప్ప ఏమీ పడవు. సెక్షన్ గీయండి. పొడవైన ముఖాలు దాదాపుగా ఉత్తర దక్షిణాలకు ఉన్నాయి. దక్షిణాన గదులు, ఉత్తరాన నడవా. రెండు వైపులా కిటికీ అద్దాలు లేవు, తిప్పుకోగల అడ్డపలకలే. గదికీ నడవాకూ మధ్య సందులున్న టేకు జరుపుడు తలుపులు. తలుపు మూసినా గాలి ఆగదు, చూపు మాత్రమే ఆగుతుంది. పైన స్లాబు మీద మరో పొరగా వంపు కాంక్రీటు పెంకులు, రెండింటి నడుమ గాలి. పలకలు ఆస్బెస్టాస్ సిమెంటువి. దాని హాని ఇప్పుడు మనకు తెలుసు కాబట్టి ఆ పదార్థాన్ని అనుకరించకండి, కోణాన్ని నేర్చుకోండి. అది ఇప్పటికీ మనుషులు ఉంటున్న చోటు, అనుమతి లేకుండా తొంగిచూడొద్దు.

కోణం అన్నాను కదా. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించిన సంగతి ఇక్కడే ఉంది. సెక్షన్ గీసిన కొద్దిమందీ నాలుగు దిక్కులకూ ఒకే రెండడుగుల సన్‌షేడ్ గీసి, ‘ఎండ రాదు’ అని బాణం గుర్తు పెట్టారు. ఎవరు చెప్పారు రాదని?

మన అక్షాంశం సుమారు 13.6 డిగ్రీల ఉత్తరం. ఏప్రిల్ ఆఖరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో మరోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. కాబట్టి మండు వేసవి మధ్యాహ్నం దక్షిణపు గోడ మీద ఎండే పడదు. డిసెంబరు మధ్యాహ్నం దక్షిణాన దాదాపు 53 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల సన్‌షేడ్ కింద రెండున్నర అడుగులకు పైగా నీడ. ఆ వైపు సన్‌షేడ్ తన పని తాను చేస్తోంది.

ఇప్పుడు పడమర. మే నెల, సాయంత్రం నాలుగు. సూర్యుడు 35 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ. అదే సన్‌షేడ్ నీడ అడుగున్నర దాటదు. అయిదింటికి 20 డిగ్రీలు, నీడ ముప్పావు అడుగు. నాలుగడుగుల కిటికీలో మూడడుగులకు పైగా ఎండ నేరుగా మీ మంచం మీదికి వస్తుంది. దాన్ని ఆపాలంటే సన్‌షేడ్ పదకొండడుగులు ముందుకు రావాలి! ఏ మేస్త్రీ పోయడు, ఏ వీధీ ఒప్పుకోదు. నాలుగంగుళాల పలకలను అంగుళంన్నరకు ఒకటి చొప్పున పేర్చితే మాత్రం దాదాపు అదే పని జరుగుతుంది. లెక్కలో తేడా లేదు: లోతుకూ ఎడానికీ ఉన్న నిష్పత్తే ఎండను ఆపుతుంది, లోతు ఒక్కటే కాదు. గోల్కొండ్ అడ్డగీతల వెనక ఉన్నది ఇదే.

మన ఊళ్ల పాత మిద్దెల మెట్లగోడలకు ఉండే సిమెంటు జాలీలకూ ఇదే లెక్క. రంధ్రం ఎత్తూ లోతూ సమానమైతే 45 డిగ్రీలకు పైనున్న ఎండను పూర్తిగా ఆపుతుంది, అంతకన్నా వాలిన ఎండను కొంత లోపలికి వదులుతుంది. మీలో ఒకరు చిత్తూరులోని ఒక పాత కార్యాలయం జాలీని మాత్రమే, దాని లోతుతో సహా గీసి పంపారు. వచ్చినవాటిలో సెక్షన్ అనదగినది అదొక్కటే. ఏసీ కోసం ఇలాంటి జాలీలకు అద్దాలు బిగించేస్తున్నారు, త్వరగా గీసుకోండి.

ఢిల్లీ ప్రగతి మైదానంలోని హాల్ ఆఫ్ నేషన్స్ చూసే అవకాశం ఇక లేదు. రాజ్ రెవాల్ రూపకల్పన, మహేంద్ర రాజ్ ఇంజనీరింగ్, 1972. ఉక్కుతో చేసే స్పేస్ ఫ్రేమును, అంటే కడ్డీలను త్రికోణాలుగా కలిపి అల్లే చట్రాన్ని, ఇక్కడ కాంక్రీటుతో, మనుషుల చేతులతో పోశారు. ఆ చట్రం లోతే జాలీగా ఎండను అడ్డుకునేది. 60 ఏళ్లు నిండని కట్టడాన్ని వారసత్వంగా పరిగణించలేమన్నారు అధికారులు. 2017 ఏప్రిల్‌లో కూల్చేశారు.

ఫ్రాన్సు తీరంలో 1926–29 మధ్య డిజైనర్ ఐలీన్ గ్రే కట్టిన ఇ-1027 ఇంటిదీ ఎండ లెక్కే. సూర్యుడి దారిని ప్లాను మీదే గుర్తించి, జరిపే, తిప్పే తలుపులు పెట్టింది. తర్వాత పేరుమోసిన వాస్తుశిల్పి ల కార్బూజియే ఆమెను అడగకుండా ఆ గోడల మీద బొమ్మలు వేశాడు. చాలాకాలం రాసినవాళ్లు బొమ్మల గురించి రాశారు, తలుపుల గురించి రాయలేదు. కేరళలో తక్కువ ఖర్చుతో ఇళ్లు కట్టిన వాస్తుశిల్పి లారీ బేకర్ మీద నాకు పక్షపాతం ఉంది, కనుక ఒక్క మాటే: ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ఆయన ర్యాట్ ట్రాప్ గోడను కోసి గీయండి, సుమారు నాలుగో వంతు ఇటుకలు ఎక్కడ మిగిలాయో కనిపిస్తుంది.

అభ్యాసం. మీ ఇంటి పడమటి గోడ సెక్షన్, 1:50. ఒక ఆదివారం రెండు, మూడు, నాలుగు, అయిదు గంటలకు కిటికీ మీద నీడ అంచును సుద్దతో గుర్తించి, కొలిచి, సెక్షన్‌లో కోణాలుగా మార్చండి. అద్దె ఇల్లయితే ముందు యజమానిని అడగండి. తర్వాత అదే కిటికీకి మూడు పరిష్కారాలు గీయండి: అడ్డపలకలు, జాలీ, వరండా. మూడింటికీ అయిదు గంటల ఎండ గీత తప్పనిసరి. గాలి ఎటు పోతోందో తెలియకపోతే అగరుబత్తి వెలిగించి పొగను చూడండి, నేను చేసేదీ అదే. ఎలివేషన్లు పంపితే తిప్పి పంపుతాను. మెట్లు వచ్చే పాఠంలో, ఈ కాగితాలు సరిగ్గా వస్తేనే.