ఈ నెల ఎంత కుట్టాలి? బొంత, ఎంబ్రాయిడరీ పనికి నెలవారీ లెక్క వేసుకోవడం ఎలా?

మా అమ్మమ్మ కుట్టిన బొంత ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పై పొర చీర వెలిసిపోయి అసలు ఏ రంగో చెప్పలేం. అంచు రెండు చోట్ల చిరిగితే అమ్మ మళ్లీ కుట్టింది. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "ఇది కుట్టడానికి ఎన్ని రోజులు పట్టింది అమ్మమ్మా?" అని. "రోజులెవరు లెక్కపెట్టారే, నాలుగు దారపుండలు పట్టింది" అంది.

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. మా అక్క కూతురికి కాన్పు అయ్యేలోపు పసిబిడ్డ బొంత ఇస్తానని మాటిచ్చాను. డైరీలో "ఈ నెల బొంత పూర్తి చెయ్యాలి" అని రాసుకున్నాను. నెల తిరిగేసరికి సగం కూడా కాలేదు. వచ్చే నెల పేజీలో కూడా అదే వాక్యం రాశాను. బారసాల అయిపోయింది, పాప బోర్లా పడింది, పాకడం మొదలుపెట్టాక గానీ బొంత చేతికివ్వలేకపోయాను. అక్క ఏమీ అనలేదు. నాకే మనసులో ఉండిపోయింది.

తర్వాత కూర్చుని లెక్క వేస్తే తెలిసింది, ఆ బొంత ఒక్క నెలలో అయ్యే పనే కాదని. ఎన్ని వరసలు వెయ్యాలో, ఒక్కో వరసకు ఎంతసేపు పడుతుందో నేను ఎప్పుడూ చూసుకోలేదు. అమ్మమ్మ దారం లెక్కపెట్టింది, నేను తేదీలు లెక్కపెట్టాను. అప్పటి నుంచి నెలకు ఎంత కుట్టాలో ముందే చూసుకుంటున్నాను. అదెలాగో చెబుతాను.

ముందు సంచులన్నీ బయటికి తీయండి

ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి. బీరువా కింద, ట్రంకు పెట్టెలో, ప్లాస్టిక్ సంచుల్లో సగంలో ఆగిపోయిన పనులన్నీ మంచం మీద పరవండి. ఒక్కోదానికి ఒక చీటీ రాసి పిన్నీసుతో గుచ్చండి. చీటీ మీద ఆ వస్తువు పేరు ఒక్కటే రాస్తే సరిపోదు, మిగిలిన పనేంటో రాయాలి. "దిండు గలీబు: రెండు పువ్వులు, చుట్టూ కాడ కుట్టు." "టేబుల్ క్లాత్: మూడు వైపులా హెమ్మింగ్." అలా రాసేటప్పుడే కొన్ని పనులు గంటన్నరలో తేలిపోయేవని తెలుస్తుంది. వాటిని ముందు పెట్టుకోండి. బట్ట బిగించే ఎంబ్రాయిడరీ రింగు ఖాళీ అవుతుంది, సూదులు ఖాళీ అవుతాయి, మనసుకీ కాస్త ఊపిరాడుతుంది.

ఇక కుట్టాలని లేనివి ఉంటాయి. వాటిని నేర్చుకునే పిల్లలకు ఇచ్చేయండి, లేదా కుట్టు విప్పి బట్ట వాడుకోండి. పదేళ్ల కిందటి ముచ్చట ఇప్పుడు లేకపోవడం తప్పేమీ కాదు.

మీ చేతి వేగం కొలవండి

ఈ ఒక్క పని చేయకుండా లక్ష్యం రాసుకోవద్దు. ఎవరో వీడియోలో వారానికో బొంత కుట్టేస్తున్నారని మనమూ అలాగే రాసుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మూర దారం తీసుకోండి. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా, అంటే సుమారు 18 అంగుళాలు. ఎంబ్రాయిడరీకి ఇంతకన్నా పొడుగు దారం పెట్టుకోకపోవడం మంచిది. బట్టలోంచి దూరి దూరి పోగు నలుగుతుంది, నూగు లేస్తుంది, ముడి పడుతుంది. ఫోన్‌లో టైమర్ పెట్టి, ఎప్పుడూ కుట్టే తీరులోనే 20 నిమిషాలు కుట్టండి. మధ్యలో కుక్కర్ కూత పెడితే లేవండి, టైమర్ ఆపకండి. రోజూ అలాగే లేస్తారు కదా, ఆ లేవడం కూడా మీ వేగంలో భాగమే. ఎన్ని సూదుల దారం అయ్యిందో (సూదికి ఒకసారి ఎక్కించే మూర దారమే ఒక సూది), ఎన్ని అంగుళాలు నడిచిందో రాసుకోండి. మూడు వేర్వేరు రోజులు ఇలా చూసి, మధ్యస్థంగా వచ్చిన లెక్క తీసుకోండి.

పని మొత్తాన్ని వరసల్లోకి మార్చండి

పసిబిడ్డ బొంతే తీసుకుందాం. 36 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు చాలు. వాడి మెత్తబడిన నేత చీర ఒకటి ఐదున్నర మీటర్లు ఉంటే 40 అంగుళాల ముక్కలు ఐదు వస్తాయి. అంచులు తీసేసినా వెడల్పు సరిపోతుంది. నాలుగు పొరలు వేయాలి. ఐదో ముక్క, బట్ట జీర్ణించిన చోట మార్చుకోవడానికి ఉంచుకోండి. పాత చీరే ఎందుకంటే అది కుంచించుకుపోవాల్సినంత ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది. కొత్త కాటన్ కలపాలంటే ముందు తడిపి ఆరేసి తీరాలి. లేకపోతే మొదటి ఉతుకుకే ఆ పొర లాగేసి బొంత ముడతలు పడుతుంది. గంజి ఉంటే పూర్తిగా పోయేదాకా జాడించండి, గంజి బట్టలో సూది దిగదు.

అంగుళానికో వరస చొప్పున వేస్తే సుమారు 35 వరసలు. ఒక్కో వరస 40 అంగుళాలు, అంగుళానికి నాలుగు కుట్లు, అంటే వరసకు 160 కుట్లు. నా చేతికి ఒక వరస 25 నిమిషాలు పడుతుంది. 35 వరసలకు పద్నాలుగున్నర గంటలు. పొరలు పరిచి టాకాలు వేయడానికి రెండున్నర గంటలు, నాలుగు అంచులూ మడిచి కుట్టడానికి మూడు గంటలు కలిపితే మొత్తం 20 గంటలు. దారం కూడా ఇప్పుడే లెక్క చూసుకోండి. రెండు పోగులు కలిపి కుడితే వరసకు సుమారు రెండున్నర మీటర్లు, మొత్తం వరసలకు 90 మీటర్లకు దగ్గరగా అవుతుంది. అంచులకు ఇంకొంచెం. రీలు మీద మీటర్లు రాసి ఉంటాయి. కావలసినదంతా ఒకేసారి కొనండి. సగంలో అయిపోయి మళ్లీ వెళితే అదే రంగు కొంచెం తేడాగా దొరకవచ్చు, ఆ తేడా బొంత మీద గీత గీసినట్టు కనపడుతుంది.

ఇంటూ కుట్టుకైతే, అంటే క్రాస్ స్టిచ్‌కైతే, లెక్క ఇంకా తేలిక, ఎందుకంటే గళ్లు కళ్లముందే ఉంటాయి. 14 కౌంట్ ఐడా బట్ట అంటే అంగుళానికి 14 గళ్లు. అటు 70, ఇటు 70 గళ్ల బొమ్మ చూడ్డానికి ఐదంగుళాల చిన్న బొమ్మే, కానీ అందులో 4,900 ఇంటూలున్నాయి. గంటకు వంద వేసే చేతికి 49 గంటల పని. రెండు పోగులతో కుడితే ఒక సూది దారానికి సుమారు 40 ఇంటూలు వస్తాయి. యాంకర్ కంపెనీ ఎంబ్రాయిడరీ దారం లచ్చి 8 మీటర్లు, ఆరు పోగులుంటుంది కాబట్టి, మూర చొప్పున కత్తిరించి పోగులు విడదీస్తే ఒక లచ్చికి 50 సూదుల పైమాటే. ఇది తెలిస్తే ఏ రంగు ఎన్ని లచ్చీలు కొనాలో షాపులో నిలబడి తడుముకోనక్కర్లేదు.

క్రోషే వేసేవాళ్లు పువ్వుల్లో లెక్కపెట్టుకోవచ్చు. 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన నరసాపురం లేసు చూడండి. అక్కడ పువ్వులు అల్లడాన్ని చేతిపని అంటారు, వాటిని కలపడాన్ని అతుకుపని అంటారు. ఒక్కోసారి ఇవి వేర్వేరు చేతుల్లో నడుస్తాయి. ఇంట్లో ఒక్కరే చేసినా అలాగే విడదీసి రాసుకుంటే బాగుంటుంది: ఈ నెల 24 పువ్వులు, వచ్చే నెల అతుకు. రెండూ కలిపి రాస్తే అతుకుపనిని అందరూ తక్కువ అంచనా వేస్తారు.

గోడ క్యాలెండర్ ముందు నిలబడండి

తిథులు, పండగలు, సెలవులు అన్నీ ఉండే క్యాలెండరే దీనికి మంచిది. పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు, పిల్లల పరీక్షలు, పండగ ముందు రోజు పిండివంటలు, ఇవన్నీ ఉన్న తేదీలు కొట్టేయండి. ముప్పైలో ఆరు పోయాయనుకుందాం, 24 మిగిలాయి. అందులో మూడింట రెండు వంతులే తీసుకోండి, అంటే 16. మిగతా ఎనిమిది రోజులు చెప్పకుండా వచ్చే చుట్టాలకు, జ్వరాలకు, కరెంటు పోవడానికి, విప్పి మళ్లీ కుట్టడానికి. ఇది మరీ తక్కువని మొదట్లో నాకూ అనిపించింది. కానీ 24 రాసుకుని 15 కుట్టిన నెలలో బాధపడ్డాను. 16 రాసుకుని 17 కుట్టిన నెలలో మర్నాడు కూడా సూది పట్టాలనిపించింది.

నల్ల బట్ట, ముదురు నీలం బట్ట మీద కుట్టే పని ఉంటే అది పగటి వెలుతురులోనే చెయ్యాలి. అప్పుడు సాయంత్రాలు లెక్కలోకి రావు, కాబట్టి ఆ నెల రోజులు ఇంకా తగ్గించి రాసుకోండి. కళ్లు పాడుచేసుకుని కుట్టేదేమీ లేదు.

సాయంత్రానికో వరస, 16 సాయంత్రాలు, 16 వరసలు. అంటే 35 వరసల బొంతకు మొదలూ చివరా కలుపుకుని రెండున్నర నెలలు. కాన్పుకు ముందే ఇవ్వాలంటే ఏడో నెల రాగానే చీర తడిపి ఆరెయ్యాలి. అప్పట్లో నేను తొమ్మిదో నెలలో మొదలుపెట్టాను.

రాసుకోవడం

నెలకు ఒక్క పెద్ద పని చాలు. కాగితం మీద అంకె ఉండాలి: "16 వరసలు" లేదా "800 ఇంటూలు, అంటే 20 సూదులు". దానితోపాటు బ్యాగులో పట్టే చిన్న పని ఒకటి పెట్టుకోండి, ఆసుపత్రిలో, బస్సులో ఎదురుచూసేటప్పుడు చేతికి ఉంటుంది. కొత్త కుట్టు నేర్చుకోవాలంటే పాత గుడ్డ ముక్క మీద వారానికి 20 నిమిషాలు. ముడి కుట్టును నేరుగా జాకెట్టు మీద నేర్చుకోవద్దు.

గుర్తు పెట్టుకోవడం

కుట్టు ఆపి లేవగానే క్యాలెండర్ గడిలో ఆ రోజు అంకె వెయ్యండి. విప్పినవి కూడా రాయండి: "2 వేశాను, 1 విప్పాను". విప్పడం కూడా పనే. అది రాయకపోతే ఆ సాయంత్రం ఎటు పోయిందో నెలాఖరుకు తెలియదు.

నాకు బాగా పనికొచ్చినది పిన్నీసు. ప్రతి ఆదివారం రాత్రి, కుట్టిన చివరి వరస పక్కన బొంత అంచుకు ఒక పిన్నీసు పెడతాను. కిందటి వారం పిన్నీసు అలాగే ఉంటుంది. రెండింటి మధ్య బట్ట మీద చెయ్యి పెట్టి చూస్తాను. ఒక్కో వారం జానెడు ఉంటుంది, ఒక్కో వారం రెండు వేళ్లు. కుట్టిన మేర పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని బిగువుగా ఉంటాయి, అవతల వైపు ఇంకా వదులుగా జారుతుంటాయి. ఆ తేడా చేతికి తగిలితే, క్యాలెండర్‌లో అంకె చూసినప్పటికన్నా ఎక్కువ ధైర్యం వస్తుంది. పసిబిడ్డ బొంత కాబట్టి చివర్లో పిన్నీసులన్నీ లెక్కపెట్టి తీయాలి. ఎన్ని పెట్టామో కూడా అందుకే రాసుకోవాలి. సూదులూ అంతే.

తోడు ఉంటే ఇంకా మంచిది. నేను ఆదివారం మా వదినకు ఫొటో పంపుతాను, "వదినా, ఇవాళ్టికి 9 వరసలు" అని. తను క్రోషే పువ్వుల ఫొటో పంపుతుంది. అంతకుమించి మాటలేమీ ఉండవు.

15వ తేదీన ఒకసారి చూడండి

16 వరసల్లో ఎనిమిది దగ్గర ఉన్నారా, సరే. మూడే అయ్యాయా? మిగిలిన పదిహేను రోజుల్లో పదమూడు వెయ్యాలని కూర్చోవద్దు. తొందరలో కుట్టు పొడుగవుతుంది, దారం బిగిసి బట్ట కుచ్చిళ్లు పడుతుంది, చివరికి అవే విప్పాల్సి వస్తుంది. అంకెను కొట్టేసి "10" అని రాయండి. పాత అంకె కనపడేలాగే కొట్టండి, వచ్చే నెల లెక్క వేసేటప్పుడు అది పనికొస్తుంది. ఎందుకు తగ్గిందో పక్కన ఒక ముక్క రాయండి: "అత్తయ్యగారికి ఒంట్లో బాగాలేదు", "కరెంటు కోతలు", "వరస వంకర". మూడు నెలలు వరసగా "నిద్ర వస్తోంది" అని ఉంటే కుట్టే వేళ మార్చుకోవాలన్నమాట. నేను అలాగే రాత్రి నుంచి మధ్యాహ్నం భోజనం తర్వాతకు మార్చుకున్నాను.

నెలాఖరున కాగితం పారెయ్యకండి. పని పూర్తయ్యాక ఎన్ని వరసలు, ఎన్ని గంటలు, ఎంత దారం అని దాని మీదే రాసి దాచండి. బొంత వెనక మూలన నెల, సంవత్సరం కాడ కుట్టుతో కుట్టండి, పావుగంట పని.

మా అక్క కూతురికి ఇప్పుడు రెండో కాన్పు. ఏడో నెల పెట్టిన వారంలోనే చీర తడిపి ఆరేశాను. ఈ ఆదివారం పిన్నీసు 22వ వరస దగ్గర పెట్టాను.