క్లీనర్ కొట్టాక ఇంజిన్ మొరాయిస్తే

పొద్దున బాగానే నడిచిన బండి, బోనెట్ ఎత్తి డిగ్రీజర్ (జిడ్డు వదిలించే స్ప్రే) కొట్టి పైపుతో కడిగాక మిస్సింగ్ ఇస్తోందా, అంటే ఏదో సిలిండర్ మధ్యమధ్యలో మండక ఇంజిన్ కుదుపుతోందా? కొత్తగా ఏదో పాడైందనుకుని పార్టులు కొనొద్దు. మీ చెయ్యి, మీ స్ప్రే ఎక్కడిదాకా వెళ్లాయో అక్కడే వెతకాలి. ఏ డబ్బా వాడారు, ఎక్కడ కొట్టారు, ఏ పైపు ఊడదీశారు, ఏ కనెక్టర్ లాగారు, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. చివరికి షెడ్డుకు తీసుకెళ్లాల్సి వచ్చినా ఆ కాగితమే మెకానిక్‌కు సగం పని తగ్గిస్తుంది.

రెండు సందర్భాల్లో మాత్రం వెతుకులాట తర్వాత, ముందు ఇంజిన్ ఆపాలి. ఎర్రటి ఆయిల్ డబ్బా గుర్తు వెలిగితే ఒకటి. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే రెండోది. అప్పుడు మిస్సయిన సిలిండర్‌లో కాలని పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (పొగను శుద్ధి చేసే డబ్బాలో) మండుతుంది, లోపలి తేనెపట్టు లాంటి దిమ్మ కరిగిపోవచ్చు. లైటు నిలకడగా వెలుగుతుంటే అంత కంగారు లేదు.

ఇంకో మాట. బ్యాటరీ టెర్మినల్ పీకి లైటు ఆర్పేయకండి. కోడ్ (బండి కంప్యూటర్ రాసుకున్న లోపం నంబరు) పోతుంది గానీ జబ్బు పోదు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు ఓబీడీ అడాప్టర్ (కోడ్‌లను ఫోన్‌కు పంపే చిన్న పరికరం) పెట్టి, ఫోన్‌లో కోడ్‌లు చదివి, స్క్రీన్ ఫొటో తీసుకున్నాకే ఏదైనా.

ప్లగ్గు గుంతల్లో నీళ్లు

కడిగాక వచ్చే మిస్సింగ్‌కు ఎక్కువసార్లు కారణం ఇదే. ప్లగ్గులు రాకర్ కవర్ (ఇంజిన్ పై మూత) మధ్యలో లోతైన గుంతల్లో ఉంటాయి. పైన కాయిల్ (ప్లగ్గుకు స్పార్కు కరెంటు ఇచ్చేది) కూర్చున్నా దాని రబ్బరు ప్రెషర్ నీళ్లను ఆపలేదు. డిగ్రీజర్ కలిసిన నీరు మామూలు నీటి కంటే బాగా కరెంటు పారనిస్తుంది. దాంతో స్పార్కు ప్లగ్గు కొస దాకా పోకుండా మధ్యలోనే గుంత గోడకు దూకేస్తుంది. పీ 0300 అంటే ఫలానా సిలిండర్ అని తేలని మిస్‌ఫైర్. పీ 0301 నుంచి పీ 0304 దాకా అయితే చివరి అంకె సిలిండర్ నంబరు. చాలా ఇంజిన్లలో లెక్క ఫ్యాన్ బెల్ట్ వైపు నుంచి మొదలవుతుంది, రెనో ఇంజిన్లలో గేర్‌బాక్స్ వైపు నుంచి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ విప్పండి. కనెక్టర్ లాక్ నొక్కి లాగండి, వైరు పట్టుకుని కాదు. 10 నంబర్ బోల్టు విప్పి, కాయిల్‌ను కాస్త అటూ ఇటూ తిప్పుతూ పైకి తీయండి. ప్లగ్గు అప్పుడే విప్పొద్దు. ముందు గుంతలోకి కంప్రెసర్ గాలి కొట్టి నీళ్లు, ఇసుక బయటికి పోనివ్వాలి. అలా చేయకపోతే ఆ చెత్తంతా నేరుగా సిలిండర్‌లో పడుతుంది. కళ్లద్దాలు మర్చిపోవద్దు, ఆ నీళ్లు మొహం మీదికే ఎగురుతాయి. కంప్రెసర్ లేకపోతే స్క్రూడ్రైవర్‌కు నూలు గుడ్డ చుట్టి అద్దండి.

ఇప్పుడు ప్లగ్గు తీసి (ఎక్కువ కార్లకు 16 నంబర్ సాకెట్, కొన్నిటికి 14) తెల్లటి పింగాణీని వెలుతురులో తిప్పి చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు పైనుంచి కిందికి సన్నటి నల్ల గీత ఉంటే స్పార్కు దారి తప్పిన చోటు అదే. అలాంటి గీతే కాయిల్ రబ్బరు లోపల కూడా ఉంటుంది. ఎంత ఆరబెట్టినా ఆ గీత పోదు, తడి లేకున్నా స్పార్కు అదే దారి పడుతుంది. ప్లగ్గు, రబ్బరు రెండూ మార్చాల్సిందే. గీత లేకపోతే ఆరబెట్టి బిగిస్తే చాలు. మొదటి మరలు చేత్తోనే తిప్పండి. 14 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకు సుమారు 25 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదైతే 15 నుంచి 20, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది.

కాయిల్ పోయిందో లేదో తేల్చడానికి రూపాయి ఖర్చు లేదు. పీ 0302 వచ్చిందనుకోండి, రెండో కాయిల్‌ను మూడో దానితో మార్చి కోడ్ చెరిపి నడపండి. ఈసారి పీ 0303 వస్తే తప్పు కాయిల్‌దే. మళ్లీ 0302 అయితే ప్లగ్గు, కనెక్టర్, ఇంజెక్టర్ వైపు చూడాలి.

థ్రాటిల్ బాడీ తుడిచాక ఆర్‌పీఎం దిగకపోతే

థ్రాటిల్ బాడీ అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని ఒక పలకతో పెంచి తగ్గించే భాగం. 750 దగ్గర ఉండాల్సిన ఐడిల్ (ఆక్సిలరేటర్ తొక్కనప్పటి ఆర్‌పీఎం) 1,300, 1,500 దగ్గర నిలబడితే చాలామంది క్లీనర్‌ను తిడతారు. నిజానికి పని మరీ శుభ్రంగా జరిగిందని అర్థం. పలక అంచు చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న మసి గాలి సందును సన్నం చేస్తుంది. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) దానికి తగ్గట్టు పలకను కొంచెం ఎక్కువ తెరవడం అలవాటు చేసుకుంటుంది. మసి పోయాక కూడా పాత కొలతతోనే తెరుస్తుంది, గాలి ఎక్కువవుతుంది. ఐడిల్ ఎక్కువైందని చెప్పే పీ 0507 కోడ్ ఇలాగే వస్తుంది.

కానీ అలవాటు మార్పించే ముందు బిగింపులు చూడండి. గాలి గొట్టం క్లాంపు, రాకర్ కవర్ నుంచి వచ్చే బ్రీదర్ పైపు, బ్రేక్ బూస్టర్ వాక్యూమ్ పైపు, థ్రాటిల్ కనెక్టర్. ఏదో ఒకటి సగమే ఎక్కి ఉంటుంది. అన్నీ సరిగ్గా ఉంటే స్కానర్‌తో థ్రాటిల్ అడాప్టేషన్ (పలక కొలతను ఈసీయూకు కొత్తగా నేర్పించడం) చేయించడం మేలు. లేకపోతే చాలా మోడళ్లకు ఈ పద్ధతి పనిచేస్తుంది: బ్యాటరీ నెగటివ్ 15 నిమిషాలు తీసి పెట్టాలి, ఆక్సిలరేటర్ ముట్టకుండా స్టార్ట్ చేయాలి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా లైట్లు, ఏసీ లేకుండా వదిలేయాలి, తర్వాత ఏసీ వేసి ఇంకో 5 నిమిషాలు. మిగతాది రోడ్డు మీద నేర్చుకుంటుంది.

పీ 2135, పీ 0121 లాంటి కోడ్ (పలక ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్ లెక్క కుదరలేదని) వస్తే కథ వేరు. స్ప్రే ఇరుసు పక్కనుంచి సెన్సర్‌లోకి దిగిందన్న అనుమానం రావాలి, లేదా పలకను వేలితో బలవంతంగా తోసి గేరు పళ్లు దెబ్బతీసి ఉండాలి. ఒక రాత్రి ఆరనిచ్చి చూడండి. అప్పటికీ కోడ్ పోకపోతే థ్రాటిల్ బాడీ మార్చడమే. అందుకే డబ్బా మూతితో కాదు, గుడ్డ తడిపి తుడవాలి.

సెన్సర్‌కు తగిలితే

మ్యాఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో కొలిచేది) లోపల వేడెక్కే తీగ వెంట్రుకలా సన్నం. కార్బ్ క్లీనర్, దూది రెండూ దానికి శత్రువులే. కనెక్టర్ పీకి స్టార్ట్ చేస్తే బండి ముందుకంటే నయంగా నడిచిందా, సెన్సర్ తప్పు లెక్క చెబుతోందని బలమైన అనుమానం పెట్టుకోవచ్చు.

మన చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి ఉండేది మ్యాప్ సెన్సర్, థ్రాటిల్ దాటాక గొట్టంలో ఉండే గాలి ఒత్తిడిని కొలిచేది. దీన్ని పరీక్షించడం ఇంకా తేలిక. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి స్కానర్‌లో చూడండి. విశాఖలో అయితే 101 కిలోపాస్కల్ దగ్గర, ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర చూపించాలి, ఎందుకంటే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అది చదివేది బయటి గాలి ఒత్తిడినే. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో 25 నుంచి 40 మధ్యకు పడాలి. మొదటి అంకెలోనే తేడా ఉంటే అనుమానం సెన్సర్ మీదే. మొదటిది సరిగ్గా ఉండి రెండోది 50కి పైన నిలిస్తే ఎక్కడో గాలి లోపలికి లీకవుతూ ఉండొచ్చు.

కిరసనాయిలు, ఇంజిన్ ఫ్లష్

పాత ఆయిల్‌లో కిరసనాయిలు పోసి ఇంజిన్ తిప్పడం లారీల కాలం నుంచి ఉన్న అలవాటు, మానుకోవాల్సిన అలవాటు. ఆయిల్ పలచబడి బేరింగుల మధ్య పొర నిలవదు. కొన్న ఫ్లష్ (ఆయిల్‌లో కలిపి మడ్డి వదిలించే ద్రవం) అయినా డబ్బా మీద రాసిన 5 నుంచి 15 నిమిషాలు ఐడిల్‌లోనే, రేజ్ చేయకుండా, బండి కదపకుండా. అసలు ప్రమాదం ఒక్కసారిగా ఊడిన మడ్డి. ఆయిల్ పాన్ అడుగున ఉన్న జల్లెడకు అది అడ్డం పడితే పంపుకు ఆయిల్ అందదు. ఎర్ర లైటు, పైన వాల్వుల టకటక వినిపిస్తే తాళం తీసి మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. పాన్ దింపి జల్లెడ కడగాలి. లక్ష కిలోమీటర్లు తిరిగి, ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియని ఇంజిన్‌కు ఫ్లష్ జోలికి పోకపోవడమే మంచిది. మామూలు ఆయిల్, ఫిల్టర్ తక్కువ కిలోమీటర్లకే రెండుసార్లు మారిస్తే మడ్డి మెల్లగా వస్తుంది.

స్ప్రే ఎక్కువై స్టార్టర్ ఒక్క టక్‌తో ఆగిపోతే సిలిండర్‌లో ద్రవం నిండి ఉండొచ్చు. మళ్లీ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులన్నీ తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ పీకి, కాయిల్ కనెక్టర్లు విప్పి ఉంచి, అప్పుడు తిప్పి ద్రవం బయటికి పంపాలి. నడుస్తున్న డీజిల్ ఇంజిన్ గాలి గొట్టంలో మండే క్లీనర్ ఎప్పుడూ కొట్టొద్దు. అది దాన్నే ఇంధనంగా తాగి తాళం తీసినా ఆగకుండా అరుస్తుంది.

బెల్ట్ కిచకిచలాడితే డిగ్రీజర్ తడి మిగిలిందన్నమాట. సబ్బు నీటితో తుడిచి ఆరబెడితే పోతుంది. బెల్ట్‌కు పౌడర్ రాయొద్దు, నూనె అసలే వద్దు.