ఉద్యమ్ రిజిస్ట్రేషన్: చిన్న వ్యాపారులు సొంతంగా దరఖాస్తు చేసుకునే విధానం

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలకు కేంద్ర ప్రభుత్వం చేసే ఆన్‌లైన్ నమోదు) ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా వసూలు చేయదు. ఈ మాట ముందే చెప్పవలసి వస్తోంది. ఎందుకంటే, గూగుల్‌లో వెతికినప్పుడు ప్రభుత్వ సైటును పోలిన ప్రైవేటు సైట్లు కూడా కనిపిస్తాయి. వివరాలన్నీ నింపించుకుని చివర్లో ఫీజు అడుగుతాయి. అసలు సైటు చిరునామా ‘ఉద్యమ్‌రిజిస్ట్రేషన్ డాట్ జీఓవీ డాట్ ఇన్’. అందులో ‘జీఓవీ డాట్ ఇన్’ అన్న భాగం లేకపోతే అది ప్రభుత్వ సైటు కాదు. రిజిస్ట్రేషన్ శాశ్వతం, రెన్యువల్ అనేదే లేదు. కనుక ‘మీ సర్టిఫికెట్ గడువు ముగుస్తోంది, డబ్బు కట్టండి’ అని వచ్చే ఫోన్లను నమ్మవద్దు. నెట్ సెంటర్‌లో దరఖాస్తు నింపించుకుంటే వారి శ్రమకు కొంత ఇవ్వడం వేరే సంగతి, అది ప్రభుత్వ రుసుము కాదు.

ఎవరు చేసుకోవచ్చు

పాత ఉద్యోగ్ ఆధార్ స్థానంలో 2020 జూలై 1 నుంచి ఈ విధానం అమలులోకి వచ్చింది. తయారీ, సేవలు, వ్యాపారం చేసే సంస్థలన్నీ, అంటే పచ్చళ్ల తయారీ మొదలుకొని మోటారు రిపేరు షెడ్డు, కిరాణా దుకాణం వరకూ, ఇందులో నమోదు కావచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పరిమితుల ప్రకారం, యంత్రాలు, పరికరాలపై పెట్టుబడి రెండున్నర కోట్లు, వార్షిక టర్నోవరు 10 కోట్లు మించకపోతే అది సూక్ష్మ సంస్థ. చిన్న సంస్థకు ఈ పరిమితులు 25 కోట్లు, 100 కోట్లు. మధ్య తరహా సంస్థకు 125 కోట్లు, 500 కోట్లు. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా పై తరగతిలోకి వెళ్తారు. పెట్టుబడి లెక్కలో స్థలం, భవనం, ఫర్నిచర్ కలపరు. టర్నోవరు లెక్కలో ఎగుమతులు కలపరు.

పాన్ గానీ జీఎస్టీ గానీ లేని అతి చిన్న వ్యాపారులకు 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ అనే వేరే వేదిక వచ్చింది. అక్కడ బ్యాంకు వంటి సంస్థ ద్వారా నమోదు జరుగుతుంది కాబట్టి, అలాంటివారు ముందుగా తమ ఖాతా ఉన్న బ్యాంకు శాఖలో అడగడం మంచిది.

దగ్గర పెట్టుకోవలసినవి

కాగితాలేవీ అప్‌లోడ్ చేయనక్కర్లేదు. కావలసిందల్లా ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వివరాలు, వర్తించేవారికి జీఎస్టీ నంబరు. ఆధార్‌కు లింకైన ఫోను చేతిలో ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. సొంత యాజమాన్య సంస్థ అయితే యజమాని ఆధార్, భాగస్వామ్య సంస్థ అయితే మేనేజింగ్ పార్ట్‌నర్ ఆధార్, హిందూ ఉమ్మడి కుటుంబమైతే కర్త ఆధార్, కంపెనీ అయితే అధీకృత సంతకందారు ఆధార్ ఇవ్వాలి. వ్యాపారం భార్య పేరున ఉంటే ఆమె ఆధార్‌తో, ఆమె పాన్‌తోనే చేయాలి. సర్టిఫికెట్ ఒకరి పేరున, బ్యాంకు ఖాతా, జీఎస్టీ మరొకరి పేరున ఉంటే రుణం అడిగిన రోజున ఆ తేడా బయటపడుతుంది.

ఆధార్‌లో, పాన్‌లో పేరు ఒకేలా లేకపోతే దరఖాస్తు మొదటి మెట్టులోనే ఆగిపోవచ్చు. ఇంటిపేరు ఒకదానిలో పొడి అక్షరంగా, మరొకదానిలో పూర్తిగా ఉండటం మన ప్రాంతంలో చాలా మామూలు. ముందు ఏదో ఒక కార్డులో దాన్ని సరిచేయించుకుని ఆ తర్వాత దరఖాస్తుకు కూర్చుంటే సమయం కలిసొస్తుంది. పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్కు చూసి ఐఎఫ్ఎస్సీ కోడ్ రాసేవారు కూడా జాగ్రత్తపడాలి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది కాబట్టి ఇప్పటి చెక్కుబుక్కుపై ఉన్న కోడ్‌నే రాయాలి.

దరఖాస్తు నింపడం

సైటులో కొత్త పారిశ్రామికవేత్తలకు ఉద్దేశించిన లింకును నొక్కి, ఆధార్ నంబరు, అందులో ఉన్నట్టే పేరు రాసి, ఓటీపీతో ధ్రువీకరించాలి. తర్వాత సంస్థ ఏ రకానిదో ఎంచుకుని పాన్ ధ్రువీకరించాలి. అక్కడి నుంచి సంస్థ పేరు, యూనిట్ ఉన్న చోటు, కార్యాలయ చిరునామా, ప్రారంభించిన తేదీ, బ్యాంకు ఖాతా, పనిచేసేవారి సంఖ్య వరుసగా అడుగుతుంది. ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసేవారి పెట్టుబడి, టర్నోవరు అంకెలను ఆ శాఖల రికార్డుల నుంచే తీసుకుంటుంది. ఇంకా రిటర్ను వేయని కొత్త సంస్థ యజమాని తానే ప్రకటించవచ్చు. మొదటి రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం మార్చి 31 వరకే ఆ వెసులుబాటు.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది కార్యకలాపం ఎంపిక దగ్గర. తయారీయా, సేవా, వ్యాపారమా అన్నది మొదట తేల్చి, ఆపై ఎన్ఐసీ కోడ్ (ఏ రకం పనికి ఏ సంఖ్య అని చెప్పే జాతీయ వర్గీకరణ) ఎంచుకోవాలి. ఉదాహరణకు, సొంతంగా అప్పడాలు ఒత్తించి ప్యాకెట్లు కట్టి అమ్మే సంస్థ తయారీ కిందకి వస్తుంది. వేరొకరి దగ్గర ప్యాకెట్లు కొని అమ్మే సంస్థ వ్యాపారం కిందకి వస్తుంది. అప్పడాల తయారీదారు తొందరలో ‘వ్యాపారం’ అని నొక్కేస్తే ఆ సంస్థ తన హక్కును తానే కుదించుకున్నట్టవుతుంది. టోకు, చిల్లర వ్యాపారులను 2021 జూలైలో మళ్లీ ఈ పరిధిలోకి తీసుకున్నా, వారికి దక్కేది ప్రాధాన్య రంగ రుణాల (బ్యాంకులు కొన్ని రంగాలకు తప్పనిసరిగా కేటాయించే రుణాలు) ప్రయోజనం వరకే. ఒకే పాన్ మీద రెండు పనులు చేస్తుంటే, అంటే జిరాక్స్ షాపు, దానితోపాటు అప్పడాల యూనిట్ ఉంటే, రెండు రిజిస్ట్రేషన్లు చేయకూడదు. ఒకదానిలోనే రెండు కార్యకలాపాలూ చేర్చాలి.

చివరి ఓటీపీ ఇచ్చాక ఉద్యమ్ నంబరు వస్తుంది, క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికెట్‌ను అదే సైటు నుంచి ఎప్పుడైనా దించుకోవచ్చు.

బకాయిల విషయంలో దీని విలువ

చిన్న తయారీదారును ముంచేది చాలాసార్లు నష్టం కాదు, రావలసిన డబ్బు రాకపోవడం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు లేదా సేవ తీసుకున్న కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులోగా చెల్లించాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు మించకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా చెల్లించాలి. అప్పటికీ ఇవ్వకపోతే, ఇలాంటి బకాయి వివాదాలను తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అయితే సరుకు పంపేశాక, డబ్బు ఆగిపోయాక రిజిస్టర్ చేసుకుని పాత బకాయికి ఈ రక్షణ కోరడం కోర్టుల్లో పెద్ద వివాదంగా మారింది. అందుకే మొదటి బిల్లు రాయకముందే నమోదై, ప్రతి బిల్లుపైనా ఉద్యమ్ నంబరు ముద్రించుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

ఈ సర్టిఫికెట్ లైసెన్సు కాదు. ఆహార పదార్థాలు అమ్మేవారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) అనుమతి, దుకాణానికి ట్రేడ్ లైసెన్సు, వర్తిస్తే జీఎస్టీ, అన్నీ విడిగా తీసుకోవలసిందే. రుణానికి కూడా ఇది హామీ కాదు; బ్యాంకు మీ లావాదేవీలనూ పాత అప్పుల చరిత్రనూ చూసే నిర్ణయిస్తుంది. ‘ఉద్యమ్ ఉంటే లోన్ ఖాయం’ అని చెప్పి కమీషన్ అడిగేవారికి దూరంగా ఉండండి.

చిరునామా, ఫోను, కార్యకలాపం మారితే అదే సైటులో ఉచితంగా సవరించుకోవచ్చు. సైటులో పని సాగకపోతే ఆధార్, పాన్ తీసుకుని మీ జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లండి. దరఖాస్తుదారులకు సాయం చేయవలసిన బాధ్యత ఆ కార్యాలయానికి ఉంది.